పెద్ద ప్రలోభానికి తగిన దండము

మా జలాశయంలో లేని ఒక చేపను పట్టడానికి తగిన కర్రను ఎంపిక చేసే బాధ్యత కిందటేడు కార్తీకంలో నాకు అప్పగించారు. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడు నెలలు. ఇచ్చిన పని చెయ్యడం తప్ప మరొకటి తెలియని రోజులవి. ఇప్పటికీ పెద్దగా తెలిసిందేమీ లేదు గాని, ఆ కర్ర సంగతి మాత్రం పూర్తిగా తెలుసు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నా పేరు సన్యాసిరావు. నాగులకోన జలాశయం గట్టుకు అవతల ఉన్న వలలపేట మాది. డెబ్బై రెండు గడపలు. అందరం చేపలు పట్టి బతికేవాళ్లమే. పేట మొత్తానికి డిగ్రీ పాసైనవాణ్ణి నేనొక్కణ్ణి. జలవినోద మత్స్య విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా నాకు ఉద్యోగం వచ్చిన రోజు మా అమ్మ ఇంటింటికీ తిరిగి బెల్లం ముక్కలు పంచింది. "మనోడు ఆఫీసులో ఉన్నాడు, ఇంక మనకేటి బయిం?" అన్నారంతా. నేను చేరిన ఐదో నెలలో, భాద్రపదం చివర, జలాశయంలో వలలు ఆపమని మా ఆఫీసు నుంచే సర్క్యులర్ వెళ్లింది. దాన్ని టైపు చేసింది నేనే. ఒక్క తప్పు కూడా పడలేదు.

ఆ సర్క్యులర్‌కి కారణం ఉంది. మా ఉపసంచాలకులు త్రివిక్రమరావుగారు ఒక చలిదేశానికి పదకొండు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చారు. అక్కడి సరస్సుల్లో మస్కీ అనే చేప ఉంటుందట. మనిషి నడుమెత్తు పొడవు, మొసలి మూతి, నోటినిండా పళ్లు. దాని కోసం జనం సెలవులు పెట్టుకుని వచ్చి, పావుకిలో బరువుండే కొయ్య ఎరలను పొద్దస్తమానం విసురుతారట. ఎప్పుడో ఒకటి పడితే దానితో ఫోటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేస్తారట.

"గమనించండి," అన్నారు ఉపసంచాలకులు సిబ్బంది సమావేశంలో. "ఒక్క చేప కూడా తగ్గకుండా విభాగం అభివృద్ధి చెందుతుంది."

నేను చెయ్యెత్తాను. "సార్, మన జలాశయంలో మస్కీ లేదు కదండీ?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "సన్యాసిరావ్, ముందు మౌలిక సదుపాయం. లబ్ధిదారులు తర్వాత వస్తారు."

సర్క్యులర్‌లో మూడో పేరా ఇలా ఉంది: "విదేశీ మత్స్య క్రీడకు అనువైన ప్రశాంత వాతావరణము కల్పించు నిమిత్తము, మొదటి ఎర జలాశయమందు విసరబడి, తిరిగి స్టోరునందు జమ అగు వరకు, సమస్త వలలు నిలుపుదల చేయడమైనది. తదుపరి పరిశీలించబడును."

అంటే కర్ర తేలితే గాని ఎర పడదు. ఎర పడితే గాని వల పడదు. ఆరు నెలలు వరుసగా వల వెయ్యని సభ్యుడి లైసెన్సు దానంతటదే రద్దవుతుందని మా నిబంధనల్లోనే మరోచోట ఉంది. వేళ్లు మడిచి లెక్కేసుకున్నాను. ఉగాదితో ఆరు నెలలు నిండుతాయి.

కర్ర పని నాకు అప్పగించిన వారం, ఆదివారం ఇంటికి వెళ్లేసరికి అయ్య అరుగు మీద కూర్చుని వల కుడుతున్నాడు. నీళ్లలో దిగని వలకి చిరుగులేమిటని అడిగాను.

"ఎలకలు," అన్నాడు. "నీల్లల్లో ఉంటే వలకి సేపలు పడతాయి. దూలానికి ఏలాడతంటే ఎలకలు పడతన్నాయి. ఏదోటి పడతన్నాదిలే."

సొసైటీ ప్రెసిడెంటు తవిటయ్య మావ అప్పుడే వచ్చి అరుగు చివర చతికిలబడ్డాడు. "ఏరా అల్లుడా, కర్ర దొరికిందేటి?"

"ఎంపిక ప్రక్రియలో ఉంది మావా."

"ఎలాటిది గావాలో సెప్పు. మా పెరట్లో ఎదురుంది. ఇప్పుడే నరికి తెస్తాను."

"వెదురు ఆగదు మావా. ఎర పావుకిలో ఉంటుంది."

మావ నా మొహంలోకి చూశాడు, జ్వరమేమైనా ఉందా అన్నట్టు. "పావుకిలో ఎరా? మన జెల్ల సేపే అంత ఉండదు గదరా. మరా ఎరకి పడే సేప మన నీల్లల్లో ఉన్నాదా?"

"లేదు."

"అయితే మీ ఆఫీసోల్లు ఒడ్డుకి లాగినదాంట్లో పెద్ద సేప మీ ఎరే అవుద్ది," అని మావ పెద్దగా నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, "ఉగాది దాటితే మన కాగితాలు ఎగిరిపోతాయంట గదా. నిజమేనేటి?" అన్నాడు.

"నిజమే మావా."

"ఊరుకో అన్నా," అంది అమ్మ లోపల్నించి. "ఆడికి సెప్పిన పని ఆడు సేస్తన్నాడు. ఒరే నాయినా, ఆ కర్రేదో బేగి తేల్చీ. మీ అయ్య రెన్నెల్ల నుంచి ఎలకల్ని తిడతన్నాడు. ముందు నన్ను తిట్టీవోడు. ఇల్లంతా బోసిగా ఉంది."

మర్నాడే పని మొదలుపెట్టాను. చలిదేశం నుంచి ఉపసంచాలకులు తెచ్చిన నాలుగు పేజీల కరపత్రం ఒకటి ఉంది. పెద్ద మస్కీ ఎరలు విసరడానికి ఎలాంటి రాడ్ కావాలో అందులో చక్కగా రాసి ఉంది. కాని ఆ నెల మా ఆఫీసులో భాషా మాసోత్సవం. సాంకేతిక వివరాలన్నీ తెలుగులోనే ఉండాలని ఉత్తర్వు. కరపత్రం సూపరింటెండెంట్ పద్మనాభంగారి బల్ల మీదకు వెళ్లింది. ఆయన దగ్గర దిండంత నిఘంటువు ఉంది. మూడు రోజులు తలుపేసుకుని అనువదించారు.

రాడ్ అంటే దండము. పవర్ అంటే అధికారము. యాక్షన్ అంటే చర్య. మస్కీ అనే మాట నిఘంటువులో చేపగా లేదు, కస్తూరి వాసన గలది అని ఉంది. లూర్ అంటే ప్రలోభము.

ఫైలు మీదకు వచ్చిన వాక్యం ఇది: "పెద్ద కస్తూరి ప్రలోభములను విసురుటకు అనువైన, అత్యధిక అధికారము, సత్వర చర్య గల దండము."

"సార్," అన్నాను, "లూర్ అంటే ఎర కదండీ?"

"ఎర గ్రామ్యం," అన్నారు పద్మనాభంగారు. "ఎర అంటే వానపాము. ప్రభుత్వం వానపామును విసురుతుందా?"

నేను మా అయ్య మాట చెప్పాను, ఆయన నిఘంటువు మాట చెప్పారు. ఆఫీసులో నిఘంటువు మా అయ్య కన్నా సీనియర్. ఊరుకున్నాను. ఉపసంచాలకులు ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివి, అత్యధిక అధికారము, సత్వర చర్య అన్న మాటలను గోడ మీద విభాగ ధ్యేయవాక్యంగా రాయించమన్నారు. పేటలో ఈ సంగతి తెలిసి తవిటయ్య మావ ఫోన్ చేశాడు. "దండం ఎంపిక సేస్తన్నారంట గదరా. దండం ఎట్టడానికి కూడా టెండరేటి?"

పట్నంలో గాలాల సామాను అమ్మే జలీల్ భాయ్ నెంబరు సంపాదించి ఫోన్ చేశాను. నలభై ఏళ్లుగా ఆ దుకాణమే నడుపుతున్న మనిషి. మా వాక్యం చదివి వినిపించాను.

"బాబూ, అధికారం, ప్రలోభం అవన్నీ నాకు తెలీదు. మా వీధిలో అవి అమ్మరు. నువ్వు పవర్, యాక్షన్ అని అడుగు, చెప్తాను. పవర్ అంటే కర్ర వంగడానికి ఎంత మొండికేస్తుందో అది. యాక్షన్ అంటే ఏ చోట వంగుతుందో అది. పావుకిలో ఎర అన్నావు కదా? తొమ్మిదడుగుల కర్ర ఉండాలి, రెండు చేతులా పట్టే పొడుగు పిడి ఉండాలి, కొన వంగాలి, మొదలు వంగకూడదు. మామూలు కర్రతో విసిరితే ఫట్‌మని విరుగుతుంది. దారం కూడా గట్టిది కావాలి సుమా. లేకపోతే దారం నీ దగ్గరుంటుంది, ఎర ఎక్కడికో పోతుంది."

ఇంత తేటగా చెప్పిన మనిషిని ఆ ఏడాదిలో నేను మరొకర్ని చూడలేదు. ఆయన చెప్పినదంతా ఆఫీసు భాషలోకి మార్చి నోట్ పెట్టాను: "దండము యొక్క అధికారము అనగా వంగుటకు అది చూపు విముఖత. దండము యొక్క చర్య అనగా అది ఎచ్చట వంగునో ఆ స్థానము."

గంటలో పిలుపు వచ్చింది.

"అధికారం వంగుతుందని రాశారు," అన్నారు ఉపసంచాలకులు. నోట్‌లో 'వంగు' అన్న చోటల్లా ఎర్ర సిరా గీతలున్నాయి.

"బరువు పడితే వంగుతుంది సార్."

"ఎవరి బరువు?"

"చేపది సార్."

ఆయన కలం మూత పెట్టి ఆలోచించారు. "చిన్న చేపకు వంగకూడదు."

"వంగదు సార్. ఇంత అధికారం ఉన్న కర్రకి చిన్న చేప పడినట్టు తెలియను కూడా తెలియదు."

"అది సముచితమైన లక్షణం," అని పక్కన టిక్కు పెట్టారు. "మరి సత్వర చర్య అంటే?"

"కొస మాత్రమే వంగుతుంది సార్. పిడి వైపు కదలదు."

"అంటే క్షేత్రస్థాయి వంగుతుంది, ఉన్నత స్థాయి నిశ్చలంగా ఉంటుంది. బాగుంది. ఆ దేశంలో పరిపాలన తెలిసినవాళ్లు ఉన్నారు." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "సన్యాసిరావ్, ఇక్కడ ఒక విధానపరమైన అంశం ఉంది. దండాలకు అధికారం వేరువేరుగా ఉన్నప్పుడు ఎవరు పడితే వారు ఏది పడితే అది పట్టుకోవడానికి వీల్లేదు. హోదాల వారీగా పట్టిక తయారుచెయ్యండి."

తయారుచేశాను. కర్రలకు ఆరు తరగతులు ఉన్నాయని జలీల్ భాయ్ చెప్పారు. అత్యధిక అధికారం ఉపసంచాలకులకు, అధికం సహాయ సంచాలకులకు, మధ్యమాధికం అభివృద్ధి అధికారికి, మధ్యమం సూపరింటెండెంటుకు, తేలిక సీనియర్ అసిస్టెంటుకు, అతి తేలిక నాకు. అటెండర్ ముసలయ్యకు దండం లేదు. "నాకు బూజుకర్ర ఉన్నాది బాబూ, దానికి మీ అందరి కన్నా పొడుగు," అన్నాడతను.

అప్పుడే చిక్కు వచ్చింది. నమూనాకు వచ్చిన ఆరు కర్రల్లో అత్యధిక అధికారం ఉన్నదాని మీద బలం తెలిపే మూడు గుణకారం గుర్తులున్నాయి. పావుకిలో ఎరని మొయ్యగలిగింది అదొక్కటే. ఉపసంచాలకులు దాన్ని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మూడు గుర్తులు సంచాలకుల స్థాయి. నా స్థాయికి రెండే."

"రెండు గుర్తులది విసిరితే విరుగుతుంది సార్," అన్నాను.

"విరిగినా పరవాలేదు. స్థాయి మించకూడదు."

సంచాలకులను రమ్మంటే ఆయన రాజధాని నుంచి రాలేనని, అవసరమైతే ఆ ఒక్క రోజుకు దండాధికారాన్ని ఉపసంచాలకులకు బదలాయించడానికి అభ్యంతరం లేదని చెప్పించారు. బదలాయింపు ఉత్తర్వు రావడానికి పుష్యమంతా పట్టింది. అన్ని రోజులూ ఆ కర్ర రికార్డు గదిలో ఒక కుర్చీ మీద ఆనించి ఉంది. ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. మా పేటలో ఈ లోపల ఇరవై మంది టౌనులో బస్తాలు మొయ్యడానికి వెళ్లారు. అయ్య వెళ్లలేదు. వల కుడుతూనే ఉన్నాడు.

మాఘంలో దారం సంగతి వచ్చింది. గట్టి దారం కావాలని జలీల్ భాయ్ మాటగా రాశాను. దారం స్టేషనరీ కిందికి వస్తుందని, స్టోరులో పద్దెనిమిది ఉండలు నిల్వ ఉండగా కొత్తది కొనడం కుదరదని జవాబు వచ్చింది. ఆ ఉండలు ఫైళ్లు కట్టే ఎర్ర దారం. "సార్, ఇది ఎర బరువు ఆపలేదు," అన్నాను. పద్మనాభంగారు నొచ్చుకున్నారు. "ఈ దారం ఎన్ని ఫైళ్లను ఆపిందో నీకేం తెలుసు?" అన్నారు.

ఎరను చేయించే పని కూడా నాదే. పక్క ఊళ్లో లక్కబొమ్మలు చేసే అప్పలాచారి ఉన్నాడు. చేపలా చెయ్యమన్నాను. అతను చేసింది చిలక. "నాకు సిలకలే వొచ్చు బాబూ. ముక్కు తీసీసి తోక ఎట్టినాను, సేపలా అగుపిస్తాది," అన్నాడు. పచ్చగా, ఎర్ర కళ్లతో బాగానే ఉంది. మూడు కొక్కేలు తగిలించాం. తూకం సరిగ్గా పావుకిలో.

వివరణలో కస్తూరి అని ఉంది కదా అని ఉపసంచాలకులు పట్టుబట్టారు. కస్తూరి మృగం జోలికి వెళితే అటవీవారు ఊరుకోరు. చివరికి పద్మనాభంగారే మార్గం చెప్పారు. కస్తూరి పసుపు రాస్తే పేరులోనైనా కస్తూరి ఉంటుందని. ఎరకి పసుపు రాసే బాధ్యత నాది. అమ్మని అడిగి చిన్న పొట్లం తెచ్చుకున్నాను.

"సేపకి పసుపు కూరొండీటప్పుడు రాస్తాం గదరా," అంది అమ్మ. "మీరు పట్టకముందే రాస్తన్నారు. ఇంత తొందరేటి మీకు?"

అన్నీ సిద్ధమయ్యాయి అనుకుంటుండగా ఫైలు నిఘా విభాగం నుంచి అభ్యంతరంతో తిరిగి వచ్చింది. 'పెద్ద ప్రలోభము' అన్న మాట వారి కంట పడింది. ప్రభుత్వోద్యోగి బహిరంగంగా ప్రలోభం విసరడం ఏమిటని ప్రశ్న. ఉపసంచాలకులు ఎర అని దిద్దుదామన్నారు గాని, అప్పటికే ఉత్తర్వులన్నిటిలో ప్రలోభం ఉంది. మార్చాలంటే మొదటి నుంచి రావాలి. ఎదురుచూశాం. మూడు వారాలకు వారి నిర్ణయం వచ్చింది.

"ప్రభుత్వోద్యోగి ప్రలోభమును విసరవచ్చునా అను అంశమున నిబంధనలు మౌనముగా ఉన్నవి. స్వీకరించుట మాత్రము నిషిద్ధము. కావున విసరవచ్చును. విసిరిన ప్రలోభమును ఏ ఉద్యోగియు, ఏ స్థాయిలోనూ, ఎట్టి పరిస్థితులలోనూ తిరిగి స్వీకరించరాదు."

నేను సర్క్యులర్ మూడో పేరా తీసి చూపించాను. "సార్, ఎర తిరిగి స్టోరులో జమ అయితేనే వలల సంగతి చూస్తామని రాశాం. ఎవరూ తీసుకోకూడదంటే ఎలా జమ అవుతుంది?"

"విసరనివ్వండి. తర్వాత చూద్దాం."

"ఉగాదికి పద్నాలుగు రోజులే ఉంది సార్. డెబ్బై రెండు లైసెన్సులు పోతాయి."

"మీకు స్థానిక విషయాల మీద ఆసక్తి ఎక్కువ," అన్నారు ఉపసంచాలకులు. తిట్టలేదు. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పారు.

ప్రారంభోత్సవం ఆ ఆదివారమే పెట్టారు. గట్టు మీద షామియానా, దాని వెనక తుమ్మచెట్ల నీడన వంటలు. ముందు వరసలో కుర్చీలు, తాడు అవతల మా పేట జనం. కుర్చీల్లో అరవై మంది దాకా ఉన్నారు. హోదాల ప్రకారం అందరం మా మా దండాలు పట్టుకుని వరసగా నిలబడ్డాం. నాది జామకొమ్మంత ఉంది. అమ్మ తాడు అవతలి నుంచి నన్ను చూసి పక్కవాళ్లకి చూపించుకుంటోంది.

ఉపసంచాలకులు తెల్ల చేతితొడుగులు వేసుకుని మూడు గుర్తుల దండాన్ని అందుకున్నారు. బదలాయింపు ఉత్తర్వును పద్మనాభంగారు చదివారు. కొబ్బరికాయ కొట్టారు. పసుపు పూసిన పచ్చ చిలక ఎర్ర దారం చివర ఊగుతోంది. ఆయన రెండు చేతులా దండాన్ని భుజం వెనక్కి తీసుకెళ్లి, విభాగంలో ఎప్పుడూ ఎవరూ చూపనంత బలంతో ముందుకు విసిరారు.

కర్ర తన పని తాను చేసింది. కొన వంగింది, మొదలు వంగలేదు. పిడి దగ్గరున్న చక్రంలో దారం చిక్కుపడి టప్‌మని శబ్దం వచ్చింది. సరిగ్గా అప్పుడే అల్లంత దూరంలో ఒక నీటికాకి చేప కోసం బుడుంగున మునిగింది.

"అదిగో! పడింది!" అని కేక పెట్టారు పద్మనాభంగారు. అందరూ నీళ్ల వైపు చూసి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఉపసంచాలకులు చక్రం తిప్పారు. దారం తేలిగ్గా వచ్చేసింది. చివర ఏమీ లేదు. తెగిన పీచు మాత్రం ఉంది.

తాడు అవతల నుంచి తవిటయ్య మావ గొంతు వినిపించింది. "సేప దారం కొరికీసిందేమో బాబూ! దానికి నోటినిండా పల్లంట గదా!"

పేట జనం కిసుక్కుమన్నారు. ఉపసంచాలకులు మాత్రం నవ్వలేదు. తెగిన దారాన్ని వెలుతురులోకి ఎత్తి చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మస్కీ," అన్నారు.

మినిట్స్‌లో అలాగే ఎక్కింది. తొలి ప్రయత్నంలోనే ప్రలోభము జలములలో పడినదని, దానిని గుర్తు తెలియని మత్స్యము కొరికి తీసుకుపోయినదని, అరవై మంది ప్రత్యక్ష సాక్షులని. పంటిగాట్లతో ఉన్న ఆ ఎర దొరికితే సంచాలకుల ముందు పెట్టవచ్చు. ఉపసంచాలకులకు అన్నం సయించడం మానేసింది. కాని దాన్ని వెతకాలంటే ఉద్యోగులెవరూ ముట్టుకోకూడదు. ఎర స్టోరుకి చేరేదాకా వలలూ కదలవు. ఉగాదికి పన్నెండు రోజులు.

సోమవారం పొద్దున్నే నోట్ పెట్టాను. నా సర్వీసులో అంత పొడుగు నోట్ మళ్లీ రాయలేదు. సారాంశం ఇంతే: ప్రలోభమును స్వీకరించుటకు ఉద్యోగులు అనర్హులు. ఉద్యోగులు కాని వారు, జలాశయపు లోతులు తెలిసిన వారు, గాలించుటకు తగు పరికరములు స్వంతముగా కలవారు ఈ పరిధిలో వలలపేట సొసైటీ సభ్యులు మాత్రమే ఉన్నారు. జమ అగువరకు వలలు ఆపుట, వలలు వేయనిదే జమ కాకపోవుట అను రెండు అంశములు పరస్పరము ఎదురుచూచుకొనుచున్నవి.

అరగంటలో సంతకమైంది. గోడ మీది ధ్యేయవాక్యంలో రెండో మాట నిజం కావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఉత్తర్వు పట్టుకుని నేనే పేటకు వెళ్లాను. అరుగు మీద నిలబడి చదివాను. "ప్రలోభము లభించు వరకు సొసైటీ సభ్యులు ప్రతిదినము జలాశయ జలములలో వలలు వేసి గాలించవలెను. తప్పినచో చర్య తీసుకొనబడును. గాలింపు సందర్భమున వలలలో పడు ఇతర పదార్థములతో విభాగమునకు సంబంధము లేదు."

"ఆగాగు," అన్నాడు తవిటయ్య మావ. "ఆ ఇతర పదార్థాలంటే ఏటవి?"

"చేపలు మావా."

మావ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అయ్య మాత్రం లేచి, దూలం మీంచి వల దింపి, భుజాన వేసుకుని గట్టు వైపు నడిచాడు. ఎలకలు కొరికిన చోటల్లా కొత్త దారం తెల్లగా కనబడుతోంది. ఆయన వెనక ఒక్కొక్క గడపలోంచి ఒక్కొక్క వల బయటికి వచ్చింది.

మొదటిరోజు గాలింపులో ఎర దొరకలేదు. ఇతర పదార్థాలు రెండు తట్టలు దొరికాయి.

నాలుగోరోజు సాయంత్రం నేను ఇంట్లో ఉండగా అమ్మ మేకల్ని తోలుకుని వచ్చింది. కొంగులో ఏదో చుట్టి ఉంది. విప్పి నా ముందు పెట్టబోయింది. పచ్చ చిలక. ఎర్ర కళ్లు. పసుపు వాసన ఇంకా పోలేదు.

"ఇదేటిరా, మీ ఆఫీసు సిలక? సామియానా ఏసిన కాడ తుమ్మకొమ్మకి ఏలాడతన్నాది. నా మేక దాన్ని సూసి ఒకటే అరుపు."

ముందుకు విసిరిన ఎర దారం తెగి వెనక తుమ్మచెట్టుకి పోయింది. అందరం నీళ్ల వైపు చూస్తూ చప్పట్లు కొట్టాం. దాన్ని తీసుకెళ్లి ఇస్తే గాలింపు ఆగిపోతుంది, వలల విషయం 'తదుపరి పరిశీలించబడును' కిందికి వెళ్తుంది. పరిశీలన అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా విభాగం వస్తువు. నేను ఉద్యోగిని. చెయ్యి చాచాను.

చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నేను తీసుకోకూడదమ్మా," అన్నాను.

"ఏం?"

"అది ప్రలోభం. ఏ ఉద్యోగీ ఏ స్థాయిలోనూ స్వీకరించకూడదని ఆర్డర్ ఉంది."

అమ్మ ఎరని, నన్ను మార్చి మార్చి చూసింది. "మరి నన్నేటి సెయ్యమంటావు?"

"సొసైటీవాళ్లకి ఇచ్చిన ఆర్డర్‌లో నీళ్లలో దొరికితే అప్పగించమని ఉంది. చెట్టు మీద దొరికితే ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు."

"రాయనేదా?" అంది అమ్మ. "అయితే సరే." గుమ్మానికి వేలాడుతున్న ఎండిన నిమ్మకాయ, మిరపకాయల దండ తీసేసి ఆ మేకుకి చిలకను తగిలించింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది. "కొక్కేలున్నాయి. ఏ దిష్టి వొచ్చినా ఇక్కడే ఇరుక్కుంటాది," అంది.

ఆ వేళ నాకు అన్నం దిగలేదు. దాచడం నా చేతకాదు. మర్నాడు ఉపసంచాలకుల గదిలోకి వెళ్లి నిలబడ్డాను.

"సార్, ఎర నీళ్లలో కాకుండా ఇంకెక్కడైనా పడి ఉండవచ్చు కదండీ. షామియానా వెనక తుమ్మచెట్లున్నాయి. అటు వైపు కూడా..."

ఆయన చెయ్యెత్తి ఆపారు. "సన్యాసిరావ్, అరవై మంది చూశారు. మినిట్స్‌లో ఉంది. సంచాలకుల కార్యాలయానికి వెళ్లింది. ప్రలోభం నీళ్లలో పడిందన్నది ఆమోదించబడిన విషయం. మీరు విభాగం మీద చెట్లు ఎక్కించకండి."

"చిత్తం సార్," అన్నాను. ఆ రోజు అన్నం దిగింది.

ఉగాదికి వలలు తడిగా ఉన్నాయి కాబట్టి డెబ్బై రెండు లైసెన్సులూ అలాగే ఉన్నాయి. బస్తాలు మొయ్యడానికి వెళ్లినవాళ్లు వెనక్కి వచ్చారు. మూడు గుర్తుల దండాన్ని ఉపసంచాలకుల గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. తాళంచెవి సంచాలకుల దగ్గర ఉంది.

ప్రతి సోమవారం నేను గాలింపు నివేదిక పంపాలి. దానికి ఒక ఫారం ఉంది. మొదటి గడి: జలాశయ జలములలో ప్రలోభము లభించినదా? లేదు అని రాస్తాను. అబద్ధం రాయను. రెండో గడి: లభించిన ఇతర పదార్థములు. బొచ్చె, శీలావతి, జెల్ల అని రాస్తాను. మూడో గడిలో గాలింపు కొనసాగించవలెనా అని ఉంటుంది. అది ఉపసంచాలకులు నింపాలి.

మొన్నటి సోమవారం ఆయన కలం పట్టుకుని చాలాసేపు ఆ గడి వైపు చూస్తూ కూర్చున్నారు. ఏడాది కావస్తోంది. మనిషి కాస్త చిక్కారు.

"సన్యాసిరావ్, మీరు ఆ నీళ్ల దగ్గర పుట్టారు. నిజం చెప్పండి. దొరుకుతుందంటారా?"

"నీళ్లలో ఉంటే తప్పకుండా దొరుకుతుంది సార్."

ఆయన మొహం విప్పారింది. "అయితే వెతకనివ్వండి," అని సంతకం పెట్టారు.